మా అత్తయ్య అమ్మమ్మ పుట్టిల్లు

మా అత్తయ్య ఇంగ్లీషావిడ. పుట్టిందీ పెరిగిందీ కాపురం చేసిందీ అంతా ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్‌లోనే. నా పెళ్లైన కొత్తలో తనను పేరు పెట్టి పిలవమంది. నా వల్ల కాలేదు. అమ్మ వయసు దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? వారం రోజులు ఏమీ పిలవకుండా, వెళ్లి ఎదురుగా నిలబడి దగ్గుతూ గడిపాను. పాపం, జలుబేమోనని ఆవిడ నాకు మందుబిళ్లలు కూడా కొనుక్కొచ్చింది. చివరికి అసలు సంగతి విని నవ్వి, మీ భాషలో ఏమంటారో అదే పిలువు అంది. అప్పట్నుంచి పదమూడేళ్లు ఆవిడ నాకు అత్తయ్యే. మెసేజి పెట్టినా, పుట్టినరోజు కార్డు పంపినా చివర ఇంగ్లీషు అక్షరాల్లో 'అత్తయ్య' అని రాసేది.

మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు పురిటికి వెళ్లడానికి పుట్టిల్లు లేదు. ఈవిడే సూట్‌కేసు పట్టుకుని మా ఇంటికొచ్చి నెల్లాళ్లు ఉంది. తెనాలి నుంచి మా పెద్దమ్మ ఫోన్లో చెబుతుంటే, అది నేను మంచం మీద నుంచి ఇంగ్లీషులో అరుస్తుంటే, ఆవిడ వంటింట్లో వెల్లుల్లి కారం కొట్టింది. తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రబడ్డాయి గాని పని మాత్రం వదల్లేదు. అలాంటి మనిషి.

పోయినేడు చలికాలం మొదట్లో ఆవిడ గుండె బాగా బలహీనపడిందన్నారు. ఆపరేషన్ చేసే వయసు కాదు, ఇక నెలల్లోనే లెక్క అని డాక్టరు మా ఆయనకు విడిగా చెప్పాడు. బేసింగ్‌స్టోక్‌లో మా ఇంటికి తీసుకొచ్చి కింది గదిలో మంచం వేశాం. నాది ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఎవరో చేసిన పనిలో తప్పులు పట్టడం, దానికే నన్ను పుట్టించి పంపారని మా ఆయన అంటాడు. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని కాబట్టి మధ్యాహ్నం టీ ఆవిడ మంచం పక్కనే తాగేదాన్ని.

అలా తాగుతున్న ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి, పోయేలోపు ఒక్కటి తెలుసుకోవాలని ఉంది అంది. "మా అమ్మమ్మ ఎక్కడుందో తెలియాలి. ఆమె దగ్గరికి ఒక్కసారి వెళ్లాలి. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు."

ఆ అమ్మమ్మ ఒక పల్లెటూరి పాలేరు భార్య. పొలం పని చేసే మొగుడు, ఐదుగురు పిల్లలు, రెండు గదుల ఇల్లు. ఫొటో ఒకటే ఉంది, అందులోనూ తల తిప్పేయడంతో మొహం అలికినట్టు పడింది. అత్తయ్యకు గుర్తున్నది ఆమె ఏప్రను జేబు. అందులో ఎప్పుడూ ఆపిల్ ముక్క ఒకటి ఉండేదట, దానికి అంటుకున్న నూలుపోగులతో సహా. అత్తయ్యకు ఆరేళ్లప్పుడు ఆ అమ్మమ్మ పోయింది. పిల్లల్ని అంత్యక్రియలకు తీసుకెళ్లని రోజులవి. పక్కింట్లో కూర్చోబెట్టి, ఒళ్లో గిన్నె పెట్టి, ఈ బఠాణీలన్నీ ఒలిచేలోపు అమ్మమ్మ దగ్గరికి తీసుకెళతాం అన్నారట. గిన్నె నిండింది. నల్లబట్టలతో అందరూ తిరిగొచ్చారు గాని, ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా వాళ్లమ్మ, దూరంలే అని పెదవి బిగించేదట. తాత సమాధి మాత్రం ఆ ఊరి చర్చి ఆవరణలోనే ఉంది. రాయి మీద పై సగంలో తాత పేరు, కింద సగం పెళ్లాం పేరు కోసం వదిలేసి ఉంది. అది ఇప్పటికీ ఖాళీయే.

బఠాణీల మాట వినగానే నా చేతిలో టీ కప్పు కిందపెట్టేశాను. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ రెండో కాన్పుకి వాళ్ల పుట్టింటికి వెళ్లింది. నన్ను నాన్న దగ్గర ఉంచి వెళ్లింది. ఒకరోజు నన్నెవరో ఎదురింటి మేడ మీదికి తీసుకెళ్లి, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు దోసిట్లో పోసి, ఇవి తినేసరికి అమ్మ వచ్చేస్తుంది అన్నారు. కాయ కాయా ఒలుచుకుని అన్నీ తిన్నాను. అమ్మ రాలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారని పెద్దయ్యాక తెలిసింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కారు, నేనూ అడగలేదు. వేరుశెనక్కాయలు మాత్రం ఇప్పటికీ నోట్లో పెట్టను.

ఇదేమీ ఆవిడకు చెప్పలేదు. నేను వెతుకుతాను అత్తయ్యా అని మాత్రం వెనకాముందూ చూడకుండా మాటిచ్చేశాను.

ఈ దేశంలో ప్రతి ఊరి చర్చికీ మూడు రకాల రిజిస్టర్లుంటాయి. పిల్లలకు బాప్తిస్మం ఇస్తే ఒకదానిలో, పెళ్లైతే ఇంకొకదానిలో, మట్టి చేస్తే మూడోదానిలో రాస్తారు. పాత పుస్తకాలన్నీ జిల్లా రికార్డుల ఆఫీసుకి చేరతాయి, వాటిని ఫొటోలు తీసి ఆన్‌లైన్లో పెడతారు. భూమీ బంగారం లేని కూలివాళ్ల జీవితం మొత్తం ఆ మూడు పుస్తకాల్లో మూడు గీతల మధ్య ఇమిడిపోతుంది. అయినా ఆ మూడు వరుసలూ ఉన్నాయే అని నాకు మొదట్లో అసూయ వేసింది. మా అమ్మ గురించి ఎక్కడ రాసుంది? ఆవిణ్ణి కాల్చి బూడిద కృష్ణలో కలిపారు. తేదీ కూడా నాకు తెలియదు. ఏటా పెద్దమ్మ ఫోన్ చేసి, రేపు మీ అమ్మ తిథే అంటుంది, అంతే.

అత్తయ్య అమ్మమ్మ ఏ రోజు పోయిందో సర్కారు ఇచ్చిన మరణ పత్రంలో ఉంది. ఎక్కడ మట్టి చేశారో అందులో ఉండదు. ఎక్కడ చూడాలన్నదానిలో నాకు ఇసుమంతైనా అనుమానం లేదు. మొగుడి ఊళ్లోనే. మెట్టినింట అడుగుపెట్టిన ఆడది మళ్లీ ఆ గుమ్మం దాటేది నలుగురి భుజాల మీదే అని వింటూ పెరిగినదాన్ని నేను. పైగా రాయి మీద సగం చోటు వదిలి పెట్టారు కూడా! వేరే ఊరేమో చూడరాదా అని మా ఆయన ఒకసారి మెల్లగా అన్నాడు. మొగుడు ఇక్కడుంటే ఆవిడ ఎక్కడికి పోతుందయ్యా అని కసిరాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ ఊరి ఖననాల రిజిస్టరు మూడుసార్లు చదివాను. పోయిన తేదీ చుట్టూ పదేళ్లు అటూ ఇటూ చూశాను. లేదు. గుమాస్తా రాయడం మర్చిపోయాడని తీర్మానించేసి, ఆ చర్చి పాస్టరుగారికి ఉత్తరం రాశాను, మీ వాళ్లు ఒక మనిషిని వదిలేశారు, సరిచూసుకోండి అని. మేమెవర్నీ వదల్లేదమ్మా అని ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. అదీ నమ్మక చుట్టుపక్కల ఊళ్ల రిజిస్టర్లు పట్టుకున్నాను. నెలల్లో లెక్క అన్న మనిషి తాలూకు మూడు నెలలు నా మొండితనానికి ధారపోశాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఉత్త చేతులతో ఆవిడ గదిలోకి వెళ్లలేక, దొరికిన చిన్నా చితకా ఒక నోట్‌బుక్కులో ఎక్కించి సాయంత్రాలు చదివి వినిపించేదాన్ని. పిల్లల బాప్తిస్మాలు వరసగా దొరికాయి. అందరికంటే పెద్దది అత్తయ్య వాళ్లమ్మ. పెళ్లి కూడా దొరికింది. మనలాగే ఇక్కడా పెళ్లి ఆడపిల్లవాళ్ల ఊళ్లోనే చేసేవారు, అది పదిహేను మైళ్ల అవతల ఇంకో పల్లె. పెళ్లికూతురి తండ్రి గొర్రెల కాపరి. పెళ్లికొడుకు వంకరటింకరగా సంతకం చేశాడు. ఆమెకు రాయడం రాదు, సంతకం చోట ఇంటూ మార్కు ఉంది. అత్తయ్య నా ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, ఆ ఇంటూ మార్కు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. ఆ ఏప్రను జేబులోంచి ఆపిల్ ముక్క తీసిచ్చిన చెయ్యి గీసిన గీతలవి. అప్పటికే ఆవిడ పెదాలు నీలంగా ఉంటున్నాయి. దొరికిందా అని నోటితో అడగడం మానేసింది. తలుపు చప్పుడైతే నా మొహంలోకి చూసేది, అంతే.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున పెద్దమ్మతో మాట్లాడుతూ ఇదంతా వెళ్లగక్కాను. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. డెబ్బై దాటినా ఊళ్లో ఎవరింట్లో ఏ కాన్పు ఎప్పుడో వేళ్ల మీద చెప్పగలదు. నా గోల అంతా విని, పెళ్లైన ఎన్నాళ్లకి మొదటి కాన్పు అయిందని అడిగింది. మూడేళ్లకి అన్నాను.

"మూడేళ్లా? అంతకు ముందు ఒకటి పోయుంటుందే. తొలి కాన్పుకి అమ్మ దగ్గరికి పోయుండదూ? ఆ పిల్ల పుట్టింటి ఊళ్లో చూశావా?"

చూడలేదు. పెళ్లయ్యాక ఆ ఊరితో ఇక పనేముందని ఆ పుస్తకం మూసేశాను. పురిటికి పుట్టింటికి వెళ్లిన అమ్మ కోసం ముప్పై ఏడేళ్లుగా లోలోపల ఎదురుచూస్తున్నదాన్ని, నాకు ఆ మాట తట్టలేదు! పెద్దమ్మ, పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేసింది.

ఆ పుట్టింటి ఊరి చర్చి తాళాలు చూసుకునే ఒక పెద్దావిడ నంబరు దొరికింది. సంగతి చెప్పాను. వాళ్ల పెళ్లిళ్ల పుస్తకాలు రికార్డుల ఆఫీసుకి వెళ్లాయి గాని, ఖననాల పుస్తకం మాత్రం ఇంకా చర్చిలోనే ఉందట. చిన్న ఊరు, ఏడాదికి ఒకరో ఇద్దరో పోతారు, విక్టోరియా రాణి కాలంలో మొదలుపెట్టిన పుస్తకం ఇంకా నిండనే లేదు. అందుకే అది ఆన్‌లైన్లో ఎక్కడా లేదు. మర్నాడు పూజ అయ్యాక ఇనప్పెట్టె తీసి చూసి ఫోన్ చేస్తానంది.

చేసింది. నేను బియ్యం కడుగుతున్నాను. ముందు దొరికింది పసిబిడ్డ. పెళ్లైన పదకొండో నెలలో. ఆడపిల్ల, వయసు రెండు రోజులు, ఇంటిపేరు అత్తయ్య తాతదే, ఊరు అన్నచోట ఆయన ఊరి పేరు ఉంది. తర్వాత ఆమె పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. యాభై ఏళ్లు దాటడానికి ఆ పుస్తకంలో పాతిక పేజీలు కూడా లేవు. అక్కడ అత్తయ్య అమ్మమ్మ పేరుంది. పక్కన అప్పటి పాస్టరు పెన్సిలుతో రాసిన మాటను ఆవిడ కూడబలుక్కుని చదివింది. తన బిడ్డ సమాధిలోనే, తన కోరిక ప్రకారం.

తడి చేతులతోనే అత్తయ్య గదిలోకి పరిగెత్తాను. ఆవిడ అంతా విని కళ్లు మూసుకుంది. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం మెల్లగా అంది, "అందుకే అమ్మకి కోపం. అమ్మమ్మ తాతయ్య పక్కన పడుకోకుండా వెళ్లిపోయిందని." తను తొలిచూలు కాదని, తనకంటే ముందు ఒక అక్క ఉందని వాళ్లమ్మకు ఆ రోజే తెలిసిందేమో. ఐదుగురు పిల్లల్ని పెంచి, మొగుణ్ణి సాగనంపి, యాభై ఏళ్లు నోరు విప్పకుండా ఆ రెండు రోజుల పిల్ల కోసం దాచుకున్న కోరిక అది. నాకు ఏడుపొచ్చింది. మొగుడి పక్కనే ఉండాలి అని ఆ అమ్మమ్మ మీద మూడు నెలలు దబాయించినందుకు సిగ్గు కూడా వేసింది.

అత్తయ్యను కదిలించడం మంచిది కాదని ఇంటికొచ్చే నర్సు అంది. మా ఆయన వెనకాడాడు. ఆరేళ్ల వయసు నుంచి ఆగిన మనిషిని ఇంకా ఆగమంటారా అని నేను ఇద్దరి మీదా విరుచుకుపడ్డాను. మార్చిలో ఎండ కాసిన ఒక రోజు కారులో దిండ్లు సర్ది, వీల్‌చెయిర్ వెనకేసుకుని బయల్దేరాం.

చిన్న చర్చి. తాళాల పెద్దావిడ ఆ రిజిస్టరును తువ్వాలులో చుట్టి వరండాలోకి తెచ్చింది. అత్తయ్య రెండు పేజీలూ చూసింది, ముట్టుకోలేదు. సమాధి మీద రాయి ఏమీ లేదు, చర్చి పటంలో గుర్తు ఉంది, అంతే. ఉత్తరపు గోడ దగ్గర కాస్త గడ్డి. చక్రాలు బురదలో దిగబడుతుంటే నేనూ మా ఆయనా కుర్చీని ఎత్తి తీసుకెళ్లాం. అత్తయ్య తన కాలి చెప్పు తీయమంది. మేజోడు కూడా తీయమంది. చలిగా ఉందని గొణుగుతూనే తీశాను. వాచిన ఆ పాదాన్ని నా చేతిలో పట్టుకుని గడ్డి మీద ఆనించాను.

ఆవిడ ముందుకు వంగి, చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది. "అమ్మమ్మా, బఠాణీలన్నీ ఒలిచేశాను."

నా వల్ల కాలేదు. ఆ పాదం పట్టుకునే బావురుమన్నాను. మా ఆయన గాభరాపడ్డాడు, అతనికి నా కోపాలు తెలుసు గాని ఏడుపులు తెలియవు. అత్తయ్య నా తల మీద చెయ్యేసి, ఏమైందని అడిగింది. అప్పుడు చెప్పాను, పదమూడేళ్లలో మొదటిసారి. ఎదురింటి మేడ, వేరుశెనక్కాయలు, అన్నీ తిన్నానని.

"మీ అమ్మ పేరేమిటి?" అంది.

ఎవరూ అడగని ప్రశ్న అది. ఆఫీసు ఫారాల్లో తప్ప ఎక్కడా రాయలేదు, నోటితో ఎప్పుడూ అనలేదు. కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తామా? ఆ గోడ పక్కన పైకే అన్నాను. అత్తయ్య రెండుసార్లు పలికి చూసుకుంది. మరి ఆ బిడ్డ అని అడిగింది. నాకు తెలియదు. మగో ఆడో కూడా తెలియదు. నా మొహం చూసి, తెలిసిన వాళ్లు ఉండగానే అడుగు అంది.

అక్కడి నుంచే పెద్దమ్మకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, టీవీ చప్పుడు వినిపిస్తోంది. అడిగాను. టీవీ ఆపింది.

"ఆడపిల్లే. రెండ్రోజులుంది. ముందు అది పోయింది, మీ అమ్మకి చెప్పలేదు. పేరేం పెట్టలేదే. పెద్దదాని దగ్గరికి చెల్లిని ఎప్పుడు తీసుకెళతావే అక్కా అని నన్నే అడుగుతా ఉంది, పోయేదాకా." ఎవరి మీదో కోపంగా అంది, "బిడ్డని పొలం గట్టున పాతారు. తల్లిని కాల్చారు. ఇద్దర్నీ ఒకచోట ఉంచలేదే."

నాకు చెల్లెలుంది అన్నమాట. నలభై ఒకటో ఏట, ఎవరిదో ఊళ్లో, ఎవరిదో సమాధి దగ్గర బురదలో కూర్చుని ఆ సంగతి తెలుసుకున్నాను. నా ఒళ్లంతా మా అమ్మ కోసం కొట్టుకుపోయింది. ఒక్కసారి, ఒక్క నిమిషం ఉంటే చాలు, అన్నీ తినేశానమ్మా అని చెప్పుకునేదాన్ని.

కారులో తిరిగొస్తుంటే అత్తయ్య నా నోట్‌బుక్కు అడిగి తీసుకుంది. ఏం రాస్తోందో నేను వెనక్కి తిరిగి చూడలేదు. మధ్యలో రెండు మూడు ప్రశ్నలు వేసింది, జవాబులు చెప్పాను.

ఆ తర్వాత ఏడు వారాలకు ఆవిడ పోయింది. తాత పేరు కింద ఖాళీగా ఉన్న ఆ రాయిని ఏం చేయాలని మా ఆయన అడిగితే, అలాగే వదిలేయమని ముందే చెప్పి పోయింది.

ఆ నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. ఆఖరి పేజీలో ఆవిడ రిజిస్టరులో ఉన్నట్టే గళ్లు గీసింది. మొదటి వరుసలో మా అమ్మ పేరు, ఊరు, వయసు ఇరవై నాలుగు. రెండో వరుసలో వయసు రెండు రోజులు. ఆ రెండింటినీ కలుపుతూ పక్కన పెన్సిలుతో ఒక గీత. పేరు అన్నచోట ఏం రాయమంటావని ఆ రోజు కారులో అడిగింది. చెల్లి అని చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసింది.